9 మిల్లీమీటర్ల కోసం నాలుగు షీట్లు: పెద్ద డేటాబేస్ డయాగ్రమ్‌ను గోడకెక్కించే లెక్క

120 టేబుళ్లున్న డేటాబేస్ డయాగ్రమ్ ఏ0 సైజులో తయారైందనుకుందాం. దాన్ని ఏ3 కాగితాల మీద ముక్కలుగా ముద్రించాలంటే 16 షీట్లు కావాలి. అదే బొమ్మను 3.6 శాతం కుదిస్తే 9 షీట్లు చాలు. 8 పాయింట్ల అక్షరం 7.7 పాయింట్లవుతుంది, అంత తేడాను కన్ను పట్టుకోలేదు. ఏడు కాగితాలు మాత్రం మిగులుతాయి. అతికించాల్సిన అతుకులు 24 నుంచి 12కు పడిపోతాయి.

ఈ లెక్కకు రెండు నిమిషాలు చాలు. ఎక్కువమంది అది వేయకుండానే ప్రింట్ నొక్కుతారు. తర్వాత మధ్యాహ్నమంతా సెల్లోటేపుతో కుస్తీ పట్టి, చివరికి గీతలు కలవని బొమ్మను గోడకు అంటిస్తారు. అలాంటి బొమ్మను వారం తిరిగేసరికి ఎవరూ చూడరు. అందుకే ఈ లెక్కను మొదటి నుంచీ వేసి చూపించాలని ఈ కథనం.

అసలు కాగితం మీద ఎందుకు? పొద్దున హైదరాబాద్ శివారు బీరంగూడ కమాన్ దగ్గర ముంబై హైవే మీద రెండు దిక్కులకూ ఉద్యోగులు కదులుతారు. కొందరు లింగంపల్లి మీదుగా గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ ఆఫీసులకు వెళ్తే, కొందరు పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలకు పోతారు. రెండోవైపు వెళ్లేవాళ్ల పనీ ఇవాళ డేటాబేసుల మీదే నడుస్తోంది. గేటులోకొచ్చిన ముడిసరుకు, బ్యాచ్ రికార్డు, ల్యాబ్ ఫలితం, డిస్పాచ్, జీతం, అన్నీ ఏదో ఒక టేబుల్లో వరుసలే. పాత సాఫ్ట్‌వేర్ తీసి కొత్తది పెట్టే రోజు వచ్చినప్పుడు స్టోర్స్ ఇన్‌చార్జి, అకౌంటెంటు, ల్యాబ్ కెమిస్టు, ప్రోగ్రామరు ఒకే బొమ్మ ముందు నిలబడి ‘ఇది దీనికెట్ల కలుస్తది?’ అని వేలు పెట్టి అడగాలి. 24 అంగుళాల మానిటర్ వైశాల్యం సుమారు 0.16 చదరపు మీటర్లు. ఏ0 కాగితం ఒక చదరపు మీటరు, అంటే అలాంటి మానిటర్లు ఆరింటికి మించి. దాని ముందు నలుగురు నిలబడగలరు, నలుగురూ పెన్సిలుతో దిద్దగలరు.

టేబుళ్లను పెట్టెలుగా, వాటి మధ్య బంధాలను గీతలుగా చూపే ఆలోచన కొత్తది కాదు. ఎడ్గర్ కాడ్ 1970లో రిలేషనల్ నమూనాను ప్రతిపాదించాడు. పీటర్ చెన్ 1976లో ఎంటిటీ-రిలేషన్‌షిప్ నమూనాను, దాని బొమ్మ గీసే పద్ధతిని ప్రచురించాడు. చిన్న డేటాబేసులకు ఆ బొమ్మ ఒక్క పేజీలో ఇమిడిపోతుంది. వర్డ్‌ప్రెస్‌కు మామూలుగా వచ్చే టేబుళ్లు 12. మైఎస్‌క్యూఎల్ నేర్చుకునేవాళ్లకిచ్చే నమూనా డేటాబేస్ సకిలాలో 16. కాలేజీలు వాడే మూడుల్‌లో మాత్రం 400కు పైగా ఉంటాయి. మధ్యరకం ఫ్యాక్టరీకి ఉదాహరణగా మనం 120 తీసుకుందాం.

ఒక టేబుల్లో సగటున 12 కాలమ్‌లు, ఒక్కో కాలమ్‌కు 4 మి.మీ. వరుస, పేరుకు 6 మి.మీ. అనుకుంటే పెట్టె ఎత్తు 54 మి.మీ. వెడల్పు 60 మి.మీ. అనుకుందాం. గీతలు తిరగడానికి అడ్డంగా 30, నిలువుగా 26 మి.మీ. ఖాళీ వదిలితే ఒక్కో టేబుల్‌కు 90 × 80, అంటే 7,200 చదరపు మి.మీ. చోటు కావాలి. 120 టేబుళ్లకు 8,64,000. ఏ0 కాగితం 1189 × 841 మి.మీ., దాదాపు పది లక్షల చదరపు మి.మీ. కాబట్టి మన బొమ్మ అందులో సరిపోతుంది, కాస్త చోటు మిగులుతుంది కూడా.

ఏ0ను సగానికి సగం నాలుగుసార్లు మడిస్తే ఏ4 వస్తుంది. అందుకే 16 ఏ4 కాగితాలైతే చాలని అనిపిస్తుంది. కానీ ప్రింటరు అంచుదాకా ముద్రించలేదు. చుట్టూ 10 మి.మీ. మార్జిన్ పోతే అడ్డంగా పెట్టిన ఏ4లో మిగిలేది 277 × 190. అతికించడానికి పక్క షీటు మీదికి 10 మి.మీ. ఓవర్‌ల్యాప్ ఇవ్వాలి. అప్పుడు మొదటి షీటు 277 మి.మీ. వెడల్పునిస్తే, తర్వాతి ప్రతి షీటూ 267 మాత్రమే ఇస్తుంది. 1189 దాటాలంటే అడ్డంగా 5 షీట్లు కావాలి. ఎత్తుకు ఇదే లెక్క 190, ఆపైన 180 చొప్పున, అక్కడా 5. మొత్తం 25. అదే ఏ4ను నిలువుగా పెడితే 7 × 4, అంటే 28. కాగితం దిక్కు మార్చితేనే మూడు షీట్ల తేడా.

ఇక ఏ3. మార్జిన్ పోగా 400 × 277. అడ్డంగా మూడు షీట్లిచ్చేది 400 + 390 + 390 = 1180. మనకు కావలసింది 1189. తక్కువపడ్డది 9 మి.మీ. ఆ తొమ్మిది మిల్లీమీటర్ల కోసం సాఫ్ట్‌వేర్ నాలుగో నిలువు వరుసను మొత్తంగా తెరుస్తుంది. ఎత్తులో మూడు షీట్లు 811 ఇస్తాయి, తక్కువపడేది 30 మి.మీ. దానికోసం నాలుగో అడ్డు వరుస. ఆ చివరి షీట్లు దాదాపు ఖాళీగా, ఒక మూల రెండు గీతలతో బయటికొస్తాయి. 3 × 3 లోకి ఇమడాలంటే వెడల్పుకు 0.8 శాతం, ఎత్తుకు 3.6 శాతం కుదింపు కావాలి. రెంటిలో పెద్దది 3.6. మొదట్లో చెప్పిన అంకె అక్కడిది.

నిజానికి ఆ కుదింపు కూడా అక్కర్లేదు. తొమ్మిది షీట్లు ఇచ్చే 1180 × 811 చోటు 9,56,980 చదరపు మి.మీ. మన టేబుళ్లకు కావలసింది 8,64,000. చోటు ముందే ఉంది, బొమ్మ గీసినవాళ్లు ఆ గళ్లను చూడకుండా గీశారంతే. ముందు షీట్ల గళ్లు నిర్ణయించి, ఆ గళ్లలో టేబుళ్లను పేరిస్తే 8 పాయింట్ల అక్షరం అలాగే ఉంటుంది, 9 షీట్లే పడతాయి. ఈ కథనంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఇదే ఉండాలని నా కోరిక: బొమ్మను ఎక్కడ కోయాలో గీసేవాళ్లు నిర్ణయించాలి, ప్రింటరుకు వదలకూడదు.

వదిలితే ఏమవుతుందో కూడా అంకెల్లో చూడొచ్చు. 60 మి.మీ. వెడల్పు పెట్టె 1189 వెడల్పులో ఎక్కడైనా పడొచ్చనుకుంటే, ఏ4 షీట్ల నాలుగు నిలువు అతుకుల్లో ఏదో ఒకటి దాన్ని కోసే అవకాశం సుమారు 21 శాతం. అడ్డు అతుకులు కోసే అవకాశం 27 శాతం. రెండూ కలిపి చూస్తే 120లో దాదాపు 51 టేబుళ్లు కోతకు గురవుతాయి. ఏ3 షీట్లు తొమ్మిదైతే ఆ సంఖ్య 27కు దిగుతుంది. కాలమ్ పేరు మధ్యలో అతుకు పడ్డ టేబుల్‌ను చదవడం ఎంత కష్టమో చదివినవాళ్లకు తెలుసు. ముందే గళ్లు పెట్టుకుని పేరిస్తే కోతలు సున్నా.

పేర్చడం ఇలా. ఒక్కో షీటు వంతు 390 × 267. అడ్డంగా 5 పెట్టెలు పెడితే మధ్య ఖాళీ 18 మి.మీ., నిలువుగా 3 పెడితే ఖాళీ 35 మి.మీ. షీటుకు 15 చోట్లు, తొమ్మిదింటికి 135. మన 120 పోగా 15 చోట్లు రేపు వచ్చే కొత్త టేబుళ్లకు మిగులుతాయి. ఫ్యాక్టరీ పని కూడా ఇంచుమించు తొమ్మిది భాగాలుగానే విడుతుంది: కొనుగోళ్లు, స్టోర్స్, ఉత్పత్తి, క్వాలిటీ కంట్రోల్, అమ్మకాలు-డిస్పాచ్, అకౌంట్స్, జీతాలు, మెయింటెనెన్స్, వీటన్నిటికీ మూలమైన మాస్టర్ టేబుళ్లు. మాస్టర్ టేబుళ్ల షీటును నడిమధ్యన పెట్టాలి. మూలలో ఉన్న షీటుకు అంచులు కలిసే పక్కషీట్లు రెండే, మధ్య షీటుకు నాలుగు. ఐటమ్ మాస్టర్‌కు, వెండర్ మాస్టర్‌కు అన్నివైపుల నుంచీ గీతలొస్తాయి కాబట్టి వాటి స్థానం అదే.

అయినా కొన్ని గీతలు మూడు షీట్లు దాటి పోవాల్సి వస్తుంది. వాటిని లాగకండి. ఇంకో టేబుల్‌ను చూపే కాలమ్ (ఫారిన్ కీ) పక్కన ‘ఐటమ్ మాస్టర్, బి2’ అని చిన్న పెట్టెలో రాస్తే చాలు, బి2 అంటే రెండో అడ్డు వరుసలో రెండో షీటు. కరెంటు ప్యానెళ్ల వైరింగ్ డ్రాయింగులు చదివినవాళ్లకు ఇది అలవాటైన పద్ధతి. అక్కడ తీగ ఒక షీటు అంచులో ఆగుతుంది, పక్కనే అది మళ్లీ ఏ షీటులో ఏ గడిలో మొదలవుతుందో రాసి ఉంటుంది. డ్రాయింగ్ షీట్ల సైజుల గురించి చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 10711 కూడా అంచుల వెంట ఒకవైపు అక్షరాలు, ఇంకోవైపు అంకెలతో గళ్లు గుర్తించమంటుంది. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ చుట్టూ పెరిగిన ఈ ప్రాంతంలో ఇంజనీరింగ్ డ్రాయింగు చదవగల కళ్లకు కొదవ లేదు. డేటాబేస్ బొమ్మలు గీసేవాళ్లు ఆ క్రమశిక్షణను అరువు తెచ్చుకుంటే ఎంతో మేలు.

ముక్కల్లో గీసినా మొత్తంగా కలిసే బొమ్మకు మన దగ్గరున్న అతిపెద్ద ఉదాహరణ సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు. బీరంగూడ ఉన్న ఒక డిగ్రీ చదరం 56 కె. అది 17 నుంచి 18 డిగ్రీల అక్షాంశం, 78 నుంచి 79 డిగ్రీల రేఖాంశం. దాన్ని పదిహేనేసి నిమిషాల చొప్పున 16 షీట్లుగా విడదీస్తారు. 1:50,000 స్కేలులో మన ప్రాంతపు షీటు సుమారు 53 సెం.మీ. వెడల్పు, 55 సెం.మీ. ఎత్తు. 17 డిగ్రీల 30 నిమిషాల గీత దగ్గర 56 కె/6, 56 కె/7 షీట్లు కలుస్తాయి. పటాన్‌చెరు పై షీటులో, లింగంపల్లి కింది షీటులో పడతాయి. బీరంగూడ పై షీటులోనే ఉన్నా, కింది అంచుకు కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. పటాన్‌చెరు నుంచి లింగంపల్లి దాకా రోడ్డును చూడాలంటే రెండు షీట్లూ పక్కపక్కన పెట్టాల్సిందే. అయినా ఎవరూ తికమకపడరు, ఎందుకంటే షీటు నంబరే దాని స్థానం చెబుతుంది. మార్జిన్‌లో చుట్టుపక్కల షీట్ల సూచిక కూడా ఉంటుంది. మన తొమ్మిది షీట్ల ప్రతి మూలలోనూ మూడు గళ్లు నిలువు, మూడు గళ్లు అడ్డం ఉన్న చిన్న సూచిక వేసి, ఆ షీటు గడిని నలుపు చేస్తే ఆ పని అయిపోతుంది. నేలమీద పడి కలిసిపోయినా మళ్లీ పేర్చుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ల సంగతి కొంచెం. ఎస్‌క్యూఎల్ సర్వర్ మేనేజ్‌మెంట్ స్టూడియోలో డయాగ్రమ్ తెరిచాక పేజీ విరుపులు చూపించే ఆప్షన్ ఉంది, కాగితం సైజు మార్చితే వాటిని మళ్లీ లెక్కించమనీ చెప్పొచ్చు. మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్‌లో డయాగ్రమ్ సైజును అడ్డం ఎన్ని పేజీలు, నిలువు ఎన్ని పేజీలు అనే కొలతలోనే అడుగుతుంది. మనం చెప్పే పద్ధతికి అది అచ్చంగా సరిపోతుంది. గ్రాఫ్‌విజ్‌లో పేజీ సైజు ఇస్తే పెద్ద బొమ్మను తనే కోస్తుంది, కానీ పోస్ట్‌స్క్రిప్ట్ ఔట్‌పుట్‌లో మాత్రమే, అదీ ఎడమవైపు కింది మూల నుంచి మొదలుపెట్టి. పై నుంచి కిందికి పేర్చే అలవాటున్న మనిషి అక్కడే తడబడతాడు. బొమ్మ ఒకే పెద్ద పీడీఎఫ్‌గా ఉంటే అక్రోబాట్ రీడర్ ప్రింట్ కిటికీలోని పోస్టర్ ఆప్షన్ ఓవర్‌ల్యాప్, కోత గుర్తులు, షీటు పేర్లు మూడూ ఇస్తుంది. ఒక జాగ్రత్త. టేబుల్ పేర్లున్నాయి గానీ ఫారిన్ కీలు డేటాబేసులో ప్రకటించలేదనుకోండి, ఈ సాఫ్ట్‌వేర్లు గీతలేవీ గీయవు. వర్డ్‌ప్రెస్‌ను అలా తెరిస్తే 12 పెట్టెలు విడివిడిగా కనిపిస్తాయి. బంధాలను చేత్తో గీసుకోవాల్సిందే.

స్క్రీన్‌షాట్ తీసి ముద్రించడం మాత్రం వద్దేవద్దు. 1920 × 1080 తెర బొమ్మలో ఉండేది సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు. దాన్ని ఏ0కు సాగదీస్తే అంగుళానికి 41 చుక్కలు దక్కుతాయి. అంగుళానికి 300 చుక్కలు కావాలంటే 14,043 × 9,933, అంటే దాదాపు 14 కోట్ల పిక్సెళ్లు ఉండాలి. 67 రెట్ల తేడా. వెక్టర్ పీడీఎఫ్‌గా తీస్తే ఈ బాధే లేదు, అందులో అక్షరం గీతలుగా ఉంటుంది కాబట్టి ఎంత పెద్దది చేసినా పదునుగానే వస్తుంది.

ఇంకో చిక్కు కాగితం దేశానిది. ఎన్నో టీముల్లో సగంమంది ఇక్కడుంటే సగంమంది అమెరికాలో ఉంటారు. అక్కడి లెటర్ కాగితం 215.9 × 279.4 మి.మీ. మన ఏ4 కంటే దాదాపు 6 మి.మీ. వెడల్పు ఎక్కువ, పొడవు 17.6 తక్కువ. లెటర్‌కు కోసిన ముక్కలను ఏ4 మీద ‘ఫిట్’ అని ముద్రిస్తే బొమ్మ కుంచించుకుపోతుంది. అన్ని షీట్లూ ఒకే తీరుగా కుదిస్తే అతుకు కలుస్తుంది. సగం ఒక ప్రింటరులో ఫిట్‌తో, సగం ఇంకోదాంట్లో అసలు సైజులో తీస్తే మాత్రం ఎంత ఓపిక ఉన్నా కలవదు. కాబట్టి 100 శాతం అనే ఆప్షనే పెట్టండి. ముందు ఒక్క షీటు తీసి, 100 మి.మీ. గీతను స్కేలుతో కొలవండి. ప్రింటరు అర శాతం తేడాగా లాగితే 400 మి.మీ. దగ్గర 2 మి.మీ. పోతాయి. అందుకే అన్ని షీట్లూ ఒకే ప్రింటరులో, ఒకే రీములోంచి, ఒకే దిక్కులో తీయాలి.

అతికించేటప్పుడు షీటు పక్కకు జరగడం కంటే వంకర పోవడమే ఎక్కువ ప్రమాదం. 277 మి.మీ. అంచు మీద 1 మి.మీ. వంకర చూడ్డానికి ఏమంత కాదు. అదే కోణంలో 1180 మి.మీ. సాగితే చివర 4 మి.మీ.కి పైగా తేడా వస్తుంది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలిచి మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే ఈ సమస్యనే దేశమంత పరిమాణంలో ఎదుర్కొంది. 1815లో బీదర్ దగ్గర మరో ఆధారరేఖ కొలిచారు. పెద్ద చట్రాన్ని ముందు బిగించి, ఆ తర్వాతే చిన్న ముక్కలను అందులో ఇరికించాలనేది సర్వే శాస్త్రంలో మొదటి పాఠం. గోడ మీదైనా అంతే. ముందు దారంతో ఒక అడ్డగీత, ఒక నిలువుగీత కట్టాలి. మధ్య షీటు బి2ను వాటికి సరిగ్గా పెట్టి, అక్కడి నుంచి నాలుగువైపులా పోవాలి. ఎడమ నుంచి మొదలుపెడితే మూడో షీటు దగ్గరికి రెండు అతుకుల తేడాలు పోగవుతాయి, మధ్య నుంచైతే ఏవైపైనా ఒక్కటే. ఏ4 షీట్లు అయిదైతే అవి నాలుగు, రెండు. కుడి అంచు, కింది అంచు మాత్రమే కత్తిరించండి. ఎడమ, పై మార్జిన్లు పక్క షీటు కిందికి పోవాలి. రెండువైపులా కత్తిరిస్తే అతికించడానికి ఏమీ మిగలదు. ముందు వెనకవైపు టేపు వేసి, సరిచూసుకున్నాకే గ్లూ పెట్టాలి.

వెంచర్ల లేఅవుట్ ప్లాన్లు, ఇళ్ల ప్లాన్లు తీసే ప్లాటర్ దగ్గర్లో ఉంటే ఇంత శ్రమ ఎందుకని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 36 అంగుళాల రోలు వెడల్పు 914 మి.మీ., ఏ0 దాంట్లో హాయిగా పడుతుంది. ఒక్కసారికే ముద్రించి వదిలేసే బొమ్మైతే అదే మంచి దారి. కానీ కంపెనీ డేటా ఎలా అమరి ఉందో చూపే బొమ్మను బయటి షాపు కంప్యూటర్లో వదిలి రావడం నాకు నచ్చదు. పైగా డేటాబేస్ అనేది నెలనెలా మారేది.

చదవడం గురించి కూడా అంకె చూడాలి. మంచి చూపున్న కన్ను మీటరు దూరం నుంచి గుర్తుపట్టగల అక్షరం ఎత్తు సుమారు 1.45 మి.మీ. 8 పాయింట్ల అక్షరాల్లో పెద్దబడి ఎత్తు దాదాపు 2 మి.మీ., చిన్నబడి అంతకన్నా బాగా తక్కువ. అంటే కాలమ్ పేర్లు చదవాలంటే అరమీటరు దగ్గరికి రావాలి. టేబుల్ పేర్లు 14 పాయింట్లలో పెడితే దూరం నుంచి దారి దొరుకుతుంది. ఏ భాగం ఎక్కడుందో చెప్పే శీర్షికలు 40 పాయింట్లకు తగ్గకూడదు.

ఇక మార్పులు. టేబుళ్లను గ్రాఫ్‌విజ్ లాంటి సాధనం తనంతట తనే పేరిస్తే, ఒక్క టేబుల్ చేర్చినా మొత్తం బొమ్మ కదిలిపోవచ్చు, తొమ్మిది షీట్లూ మళ్లీ తీయాలి. గళ్ల పద్ధతిలో క్వాలిటీ కంట్రోల్‌లో రెండు టేబుళ్లు పెరిగితే ఆ భాగంలోని ఖాళీ చోట్లలోకి పోతాయి, మారేది ఒక్క షీటు, అది సి1 అనుకుందాం. అందుకే షీటు పేరు పక్కన దాని తేదీ విడిగా వేయాలి. సి1 మీద మార్చి తేదీ, బి2 మీద జనవరి తేదీ ఉండొచ్చు, తప్పేం లేదు. పాత సి1ను పారేయకుండా ఫైల్లో పెట్టండి. ఆ కాలమ్ ఎప్పుడొచ్చిందని ఆడిటరో, కొత్తగా చేరిన ప్రోగ్రామరో అడిగిన రోజు అది తీసి చూపించొచ్చు.